నూట అరవయ్యవ స్థానం

గత సంవత్సరం వేసవి సెలవులకు కొంచెం ముందుగా జరిగిన కళాశాల కమిటీ సమావేశంలో ఒక దరఖాస్తు చర్చకు వచ్చింది. బి.కాం. రెండవ సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని టెన్నిస్ పోటీలలో పాల్గొనడానికై ఐదు వారాల హాజరు మినహాయింపు కోరింది. అధ్యాపక ప్రతినిధిగా నేనూ ఆ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాను. దరఖాస్తు చదవడం పూర్తికాగానే కమిటీలోని పెద్దలొకరు, ఎంతో సౌమ్యంగా, ఏమాత్రం వెటకారం లేకుండా, "ఈ అమ్మాయి సానియా అవుతుందా, సాబ్?" అని అడిగారు. ఎవరమూ సమాధానం చెప్పలేకపోయాము. సమాధానం లేని ప్రశ్న గనుక, "పరిశీలనలో ఉంచవలెను" అన్న రెండు మాటలతో ఆ కాగితం ఫైలులోకి వెళ్ళిపోయింది.

ఆనాడు నోరు మెదపక కూర్చున్న నేను ఈనాడు వార్షిక సంచికలో పేజీలకు పేజీలు వ్రాయబూనడం ధైర్యమని అనుకోవడం లేదు. అయినా ఆ ప్రశ్న నన్ను విడిచిపెట్టలేదు. దానిని అడిగిన పెద్దలయందు నాకు గౌరవమే గాని కినుక లేదు. ఆడపిల్ల రాకెట్టు పట్టిన ప్రతి ఇంటిలోనూ ఆ ప్రశ్నే వినబడుతున్నది. తండ్రిని బంధువులు అడుగుతారు. తల్లిని ఇరుగుపొరుగువారు అడుగుతారు. నా మనవి ఏమనగా, అసలు ఆ ప్రశ్నే సరియైనది కాదు. సానియా అవుతుందా అని కాక, ప్రపంచంలో నూట అరవయ్యవ స్థానానికి చేరితే ఆ అమ్మాయి ఏమవుతుంది అని అడగవలసి ఉన్నది. ఆ సంఖ్యను నేను ఊరకనే ఎంచుకోలేదు. కారణం తరువాత చెబుతాను.

ముందుగా సానియా మీర్జా సంగతే చూద్దాము. 1986లో బొంబాయిలో పుట్టి, హైదరాబాదులో పెరిగిన ఆమెను మనలో చాలామంది 2005 ఫిబ్రవరి నుంచి మాత్రమే గుర్తుపెట్టుకొన్నారు. ఆ నెలలో హైదరాబాదులోనే జరిగిన పోటీ ఫైనలులో ఉక్రెయిన్ క్రీడాకారిణి అల్యోనా బొందారెంకోను ఓడించి, మహిళా టెన్నిస్ సంఘం, అనగా డబ్ల్యు.టి.ఏ. వారి సింగిల్స్ టైటిలు గెలిచిన తొలి భారతీయ వనిత అయింది. 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకు, 2015లో డబుల్స్‌లో ప్రపంచ ప్రథమ స్థానం, మొత్తం మీద ఆరు గ్రాండ్ స్లామ్ డబుల్స్ టైటిళ్ళు. ఇవన్నీ విద్యార్థులకు కంఠస్థమే. కాని ఆమె 2001లో, పద్నాలుగేండ్ల వయసులో, అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నడిపే చిన్న పోటీలలో అడుగుపెట్టింది. ఆమె సింగిల్స్ రికార్డును తిరగవేస్తే డబ్ల్యు.టి.ఏ. స్థాయి టైటిలు ఒక్కటే కనబడుతుంది; చిన్న పోటీల టైటిళ్ళు మాత్రం పద్నాలుగు. ఆ పద్నాలుగు ఫైనళ్ళను చూడడానికి ఎందరు వెళ్ళి ఉంటారో, పత్రికలు వాటికి ఎన్ని పంక్తులు కేటాయించి ఉంటాయో పాఠకులే ఊహించుకోవచ్చు. 2002లో ఎవరైనా ఆ పిల్లను చూపి "ఈమె సానియా అవుతుందా?" అని అడిగి ఉంటే మన కమిటీ ఏమని తీర్మానించి ఉండేదో!

ఈ చిన్న పోటీల లోకం గురించి మనకు తెలిసింది బహు స్వల్పం. టీవీలో అది కనబడదు. అందుచేత కొంత వివరించక తప్పదు.

వింబుల్డన్ వంటి నాలుగు గ్రాండ్ స్లాములు పైఅంతస్తు. వాటి క్రింద డబ్ల్యు.టి.ఏ. పోటీలు. వాటికీ క్రింద సమాఖ్య వారి పోటీలు, మొత్తం బహుమతి సొమ్మును బట్టి తరగతులుగా ఉంటాయి. చాలాకాలం అట్టడుగు మెట్టు 10 వేల డాలర్ల పోటీ. 2017లో దానిని 15 వేలకు పెంచారు. 2024లో తరగతులను మరల సవరించి 15, 35, 50, 75, 100 వేలుగా చేశారు. టర్కీలోని అంతాల్యా, ఈజిప్టులోని షర్మ్ అల్ షేక్, ట్యునీషియాలోని మొనాస్తిర్ వంటి ఊళ్ళలో ఇవి వారం వెంట వారం జరుగుతూ వచ్చాయి. ప్రేక్షకులు ఉండరు. బంతులు అందించే పిల్లలు ఉండరు, ఆడేవారే ఏరుకొంటారు. అట్టడుగు పోటీ గెలిచినవారికి లభించేది పదో పదిహేనో పాయింట్లు. గ్రాండ్ స్లామ్ విజేతకు లభించేవి 2,000. అంతేగాక, గెలుచుకొన్న పాయింట్లు ఏడాది తిరిగేసరికి చెరిగిపోతాయి. వాణిజ్యశాస్త్ర విద్యార్థులు దీనిని నూటికి నూరు శాతం తరుగుదల అని అర్థం చేసుకోవచ్చు. నిరుడు ఈ వారం సంపాదించినదానిని ఈ ఏడు ఈ వారం మరల సంపాదించకపోతే నిలుచున్న మెట్టు కాలిక్రింద నుంచి జారిపోతుంది.

ఆ మెట్టునే పూర్తిగా తీసివేయాలని 2019లో ఒక ప్రయత్నం జరిగింది. 15 వేల డాలర్ల పోటీలకు డబ్ల్యు.టి.ఏ. పాయింట్లు లేకుండా చేసి, వేరొక ర్యాంకుల పట్టిక పెట్టారు. వృత్తి ఆటగాళ్ళ సంఖ్య తగ్గితే మిగిలినవారికి బ్రతుకు దొరుకుతుందన్నది వారి వాదం. పై మెట్టుకు దారి మూసుకుపోయిన ఆటగాళ్ళు, ఆటగత్తెలు గగ్గోలు పెట్టిన మీదట అదే సంవత్సరం ఆగస్టులో పాయింట్లను తిరిగి ఇచ్చారు. నిచ్చెన పొడవు ఎక్కువైనదని క్రింది మెట్లు కోసివేయడం ఏ శాస్త్రమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇక జమాఖర్చుల సంగతి. ఇది నా పాఠ్యాంశం గనుక కొంచెం సేపు ఇక్కడ నిలుస్తాను. సమాఖ్య వారే 2013 సంవత్సరానికి ఒక లెక్క తీయించారు. ఒక మహిళా క్రీడాకారిణి ఏడాదిపాటు పోటీలలో తిరగడానికి సగటున 40,180 డాలర్లు ఖర్చవుతున్నదని తేలింది. నాటి మారకం ప్రకారం సుమారు 23 లక్షల రూపాయలు. ఇందులో విమానం టిక్కెట్లు, బస, భోజనం, బట్టలు, రాకెట్ల గట్టింగు, చివరకు చాకలి ఖర్చు కూడా ఉన్నది. శిక్షకుడి జీతం మాత్రం లేదు. ఆ కాలంలో 10 వేల డాలర్ల పోటీ గెలిచిన అమ్మాయికి ముట్టేది సుమారు 1,500 డాలర్లు. మొదటి రౌండులో ఓడినవారికి నూరు డాలర్లయినా లేదు. అనగా ఖర్చు రాబట్టుకోవడానికి ఆ పోటీలను ఏడాదిలో సుమారు ఇరవై ఏడు సార్లు గెలవవలసి ఉంటుంది. వారం విడిచి వారం టైటిలు! అదే లెక్క ప్రకారం, శిక్షకుడి జీతం కలపకుండానే, మహిళలలో ఆదాయవ్యయాలు సరితూగే స్థానం 253. ఆ ఏడు స్త్రీ పురుషులు కలిసి సుమారు పద్నాలుగు వేలమంది ఆడగా, వారిలో సగానికి కొంచెం తక్కువమందికి ఒక్క డాలరు కూడా బహుమతిగా రాలేదు.

ప్రపంచంలో 253వ వైద్యురాలు, 253వ న్యాయవాది, 253వ గణితశాస్త్రజ్ఞురాలు ఎట్లా బ్రతుకుతారో ఆలోచించండి. టెన్నిస్‌లో 254వ ఆటగత్తె ఇంటి నుంచి డబ్బు తెప్పించుకొంటుంది.

దరఖాస్తు పెట్టుకొన్న అమ్మాయి తండ్రి మోటారు విడిభాగాల దుకాణంలో లెక్కలు వ్రాసే వ్యక్తి. సమావేశం జరిగిన కొద్దిరోజులకు ఆయన నన్ను కలుసుకొని ఒక పొడవాటి నోటుపుస్తకం చూపించారు. లెక్కలు వ్రాయడం వృత్తి గనుక పద్దులు ముత్యాలలాగా ఉన్నాయి. ఎడమ పేజీ జమ, కుడి పేజీ ఖర్చు. కుడి పేజీలో పైనుంచి క్రిందివరకు: కోర్టు అద్దె, బంతుల డబ్బా, బూట్లు, గట్టింగు, రైలు టిక్కెట్లు రెండు. ప్రతిచోటా రెండు. ఎందుకని అడిగాను. "ఆడపిల్లను ఒంటరిగా పంపలేం గదా, లెక్చరరు సాబ్. వాళ్ళ అమ్మ వెంట వెళ్తుంది" అన్నారు. మగపిల్లవాడికి అయ్యే ఖర్చు ఆడపిల్లకు దాదాపు రెండింతలు ఎట్లా అవుతుందో ఏ ప్రపంచ సమాఖ్య నివేదికా నాకు అంత సూటిగా చెప్పలేదు. ఎడమ పేజీలో మాత్రం ఒకే ఒక పద్దు ఉన్నది. రాష్ట్రస్థాయి పోటీలో వచ్చిన సొమ్ము. దాని క్రింద పేజీ అంతా ఖాళీ.

అయితే ఈ లోకంలో మిగిలి ఉన్నవారు ఎట్లా మిగిలి ఉన్నారు? అక్కడే ఒక కిటుకు ఉన్నది. సుమారు 220, 230 స్థానాల లోపు ఉన్నవారికి గ్రాండ్ స్లామ్ అర్హత పోటీలలో ఆడే హక్కు లభిస్తుంది. 2020 ఆస్ట్రేలియన్ ఓపెన్ అర్హత పోటీలో మొదటి మ్యాచే ఓడినవారికి కూడా 20,000 ఆస్ట్రేలియా డాలర్లు ఇచ్చారు. 25 వేల డాలర్ల పోటీని మూడుమార్లు గెలిచినా అంత సొమ్ము రాదు. 2025 నాటికి ఆ మొత్తం 35,000కు పెరిగింది. అటువంటి చెక్కులు ఏడాదికి నాలుగు. రెండువందల ప్రాంతంలో ఉన్న అమ్మాయి తక్కిన నలభై వారాలు ఆ నాలుగు చెక్కుల కొరకే ఊరూరూ తిరుగుతుంది. బయటివారు ఓటమిగా లెక్కించే ఆ నాలుగు మొదటి రౌండ్లే ఆమె ఇంటి పొయ్యి వెలిగిస్తాయి.

ఇప్పుడు నూట అరవయ్యవ స్థానం సంగతి.

అంకితా రైనా 1993లో అహమదాబాదులో, కాశ్మీరు నుంచి వచ్చిన కుటుంబంలో జన్మించింది. పద్నాలుగేండ్ల వయసులో శిక్షణ కొరకు పూనా చేరి హేమంత్ బేంద్రే వద్ద ఆట నేర్చింది. 2009లో వృత్తి క్రీడాకారిణి అయింది. తొలి రెండు వందల స్థానాలలోకి ఆమె ప్రవేశించింది 2018 ఏప్రిల్‌లో. నడుమ తొమ్మిదేండ్లు. ఒక విద్యార్థి ఇంటర్మీడియేటు మొదలుపెట్టి, డిగ్రీ, ఎం.కాం. ముగించుకొని, ఉద్యోగంలో కుదురుకొనేటంత కాలం ఆమె 10 వేల, 25 వేల డాలర్ల పోటీలలో గడిపింది. అప్పటికి భారతదేశం తరఫున ఆడి తొలి రెండు వందలలో చోటు సంపాదించిన స్త్రీలు నలుగురే: నిరుపమా వైద్యనాథన్, సానియా మీర్జా, శిఖా ఉబెరాయ్, సునీతా రావు. అంకిత ఐదవది. వారిలో కోయంబత్తూరుకు చెందిన నిరుపమ 1998 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో ఒక మ్యాచి గెలిచి, గ్రాండ్ స్లామ్ ప్రధాన పోటీ సింగిల్స్‌లో విజయం పొందిన మొదటి భారతీయురాలైంది. ఆమె అత్యున్నత ర్యాంకు 134. ఆ ఒక్క మ్యాచి గురించి నేటి విద్యార్థులలో ఎందరు విన్నారో చేతులెత్తమని అడగాలని ఉన్నది గాని, అడగను.

2018 ఆగస్టులో ఇండోనేషియాలో జరిగిన ఆసియా క్రీడలలో అంకిత సింగిల్స్ కాంస్యపతకం గెలిచింది. సెమీఫైనలులో చైనా క్రీడాకారిణి ఝాంగ్ షువాయ్ చేతిలో ఓడినా, రెండవ సెట్టును టైబ్రేకరు దాకా తీసుకుపోయింది. ఆసియా క్రీడలలో సానియా తరువాత సింగిల్స్ పతకం తెచ్చిన భారతీయ వనిత ఆమెయే. 2019లో సింగపూరులో 25 వేల డాలర్ల పోటీ ఫైనలులో డచ్చి క్రీడాకారిణి అరంత్సా రస్‌ను ఓడించింది. అదే సంవత్సరం చైనాలో 2011 నాటి అమెరికన్ ఓపెన్ విజేత సమంతా స్టోసర్‌ను ఓడించింది. 2020 ఆరంభంలో మరి రెండు 25 వేల డాలర్ల టైటిళ్ళు. 2020 మార్చి 2వ తేదీ పట్టికలో ఆమె స్థానం 160. జీవితంలో అత్యున్నతం.

ఆ వారమే దుబాయిలో ఫెడ్ కప్. అయిదు రోజులు వరుసగా, సింగిల్స్, డబుల్స్ రెండూ ఆడి, ఇండోనేషియాతో నిర్ణాయకమైన డబుల్స్‌లో సానియాతో కలిసి గెలిచి, దేశాన్ని మొట్టమొదటిసారిగా ప్రపంచ ప్లే ఆఫ్ దశకు చేర్చింది. నెల తిరగకముందే కరోనా వచ్చి ప్రపంచం తలుపులు వేసుకొన్నది. ఆగస్టు దాకా పోటీలే లేవు. పదకొండేండ్లు ఎక్కి చేరిన మెట్టు మీద నిలుచుని ఉండగా నిచ్చెననే ఎవరో ప్రక్కకు తీసినట్లయింది.

2021 జనవరి. ఆస్ట్రేలియన్ ఓపెన్ అర్హత పోటీలను ఆ ఏడు దుబాయిలో జరిపారు. అంకిత రెండు మ్యాచిలు గెలిచి మూడవదానిలో సెర్బియా అమ్మాయి ఓల్గా దనిలోవిచ్ చేతిలో మూడు సెట్లలో ఓడింది. ఆ ఒక్కటి గెలిచి ఉంటే ప్రధాన పోటీలో చోటు, ఓడినా 1,00,000 ఆస్ట్రేలియా డాలర్లు. ఎవరైనా తప్పుకుంటే చోటు దొరకవచ్చునన్న ఆశతో మెల్‌బోర్న్ వెళ్ళి, పద్నాలుగు రోజులు హోటలు నిర్బంధంలో ఉండి ఎదురుచూచింది. సింగిల్స్‌లో చోటు రాలేదు. డబుల్స్‌లో రుమేనియా క్రీడాకారిణితో ఆడి మొదటి రౌండులోనే వెనుదిరిగింది. మనవారైతే ఇక్కడ "అయ్యో" అని కథ ముగించేవారు. కాని ఆ పోటీ రెండవ వారంలో, తొందరగా ఓడిపోయినవారి కొరకు అదే మెల్‌బోర్న్‌లో ఫిలిప్ ఐలాండ్ ట్రోఫీ అని ఒక డబ్ల్యు.టి.ఏ. పోటీ పెట్టారు. రష్యా అమ్మాయి కమిల్లా రఖిమోవాతో కలిసి అంకిత దానిలో డబుల్స్ గెలిచింది. ఆ గెలుపుతో డబుల్స్‌లో తొలి నూరుగురిలో చేరింది. ఆ ఏడే టోక్యో ఒలింపిక్స్‌లో సానియా ప్రక్కన నిలిచింది. కిచెనోక్ కవలలతో మొదటి సెట్టు 6-0 గెలిచి, రెండవ సెట్టులో గెలుపు గుమ్మం దాకా వెళ్ళి ఓడిపోయారు. ఆ ఓటమిని పత్రికలు పెద్ద అక్షరాలలో వేశాయి. నేనూ ఆ మ్యాచిని టీవీలో చూచి కసురుకొన్నవాడినే. అక్కడికి చేరడానికి పన్నెండేండ్ల లెక్క ఉన్నదని అప్పటికి నాకు తెలియదు.

నూట అరవయ్యవ స్థానానికి చేరిన అమ్మాయి ఏమవుతుంది అంటే, ఇదీ అవుతుంది. ఆసియా పతకం, అర్జున పురస్కారం, దేశానికొక చరిత్రాత్మక విజయం, ఒలింపిక్ కోర్టు. సానియా కాలేదు. కావలసిన అవసరమూ లేదు. మరొక సంగతి: ఆ ఫెడ్ కప్ డబుల్స్‌లో సానియాకు ప్రక్కన ఒక అంకిత లేకపోతే ఆమె ఎవరితో కలిసి ఆడేది?

అట్లని ఈ బ్రతుకును పూలబాటగా చిత్రించి విద్యార్థినులను మోసగించడం నా ఉద్దేశం కాదు. ఒంటరితనం ఉన్నది, గాయాలు ఉన్నాయి, భాష తెలియని ఊళ్ళో జ్వరం వస్తే పలకరించే దిక్కు ఉండదు. అంతకంటె పెద్ద పీడ జూదం. 2012 నుంచి చిన్న పోటీల స్కోర్లను కూడా క్షణక్షణం జూదపు వ్యాపారానికి అమ్ముతూ వచ్చారు. ఎవరూ చూడని మ్యాచి మీద ఎక్కడో ఎవరో పందెం కాస్తాడు. ఓడిపోతే ఆ అమ్మాయికే నేరుగా బూతులు, బెదిరింపులు పంపుతాడు. 2018లో వెలువడిన స్వతంత్ర సమీక్షా సంఘం నివేదికలో, ప్రశ్నించిన మూడు వేలకు పైబడిన ఆటగాళ్ళలో నూటికి పద్నాలుగు మందికి పైగా మ్యాచిల కుమ్మక్కు తాము ప్రత్యక్షంగా ఎరిగినదేనని చెప్పారు. నూరు డాలర్లు రాని చోట ఓడిపోవడానికి వేయి డాలర్లు ఇస్తామనేవాడు వస్తే ఏమవుతుందో అర్థశాస్త్రం చదవనివారికి కూడా తెలుసు. ఆశ్చర్యపడవలసింది కుమ్మక్కయినవారిని చూచి కాదు, కానివారిని చూచి.

కనుక తల్లిదండ్రుల భయం నిరాధారమని నేను అనను. "చదువు చెడుతుంది, ఆటా దక్కదు" అన్నది ఆ భయం. దీనికి జవాబు ఇంటిలో కాదు, కళాశాలలో వెదకవలసి ఉన్నది. అమెరికాలో విశ్వవిద్యాలయాలు ఆటకు ఉపకారవేతనమిచ్చి, డిగ్రీ చదివిస్తూనే పోటీలకు పంపుతాయి. డానియెల్ కాలిన్స్ వర్జీనియా విశ్వవిద్యాలయంలో చదువుకొంటూ రెండుమార్లు కళాశాలల జాతీయ విజేత అయి, ఆ పిమ్మట వృత్తిలో ప్రవేశించి, 2022 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనలు ఆడింది. మన తెలుగు అమ్మాయి సహజ యామలపల్లి కూడా టెక్సాస్‌లో విశ్వవిద్యాలయం తరఫున ఆడిన తరువాతనే ఈ నిచ్చెన ఎక్కింది. డిగ్రీ చేతిలో ఉన్నవారికి మొదటి రౌండు ఓటమి బ్రతుకు ఓటమి కాదు. వేలమైళ్ళ దూరాన సాధ్యమైన ఏర్పాటు మన ఊరి కళాశాలలో అసాధ్యమని నేను నమ్మలేను. మన వద్ద అంత డబ్బు లేదు. నిజమే. కాని ఆ అమ్మాయి మనలను డబ్బు అడగలేదు. ఐదు వారాల హాజరు అడిగింది.

ఇంకొక్క ఉదాహరణ చెప్పి నా అభ్యర్థనకు వస్తాను. 2025 ఏప్రిల్‌లో పూనాలో బిల్లీ జీన్ కింగ్ కప్ పోటీలు జరిగాయి. ఫెడ్ కప్‌కు 2020 నుంచి వచ్చిన పేరు అది. హైదరాబాదు అమ్మాయి శ్రీవల్లి రష్మిక భమిడిపాటి అప్పటికి ప్రపంచ పట్టికలో మూడువందల చుట్టుపక్కల ఉన్నది. ఆ వారం ఆమె ఆడిన ఐదు సింగిల్స్ మ్యాచిలూ గెలిచింది. భారతదేశం మరల ప్లే ఆఫ్ దశకు చేరింది. మూడువందల స్థానం అంటే, పైన చెప్పిన లెక్కలో, ఇంటి నుంచి డబ్బు తెప్పించుకొనే స్థానం. ఆమె పదహారు పదిహేడేండ్ల వయసులో ఎవరో "సానియా అవుతుందా?" అని అడిగి, సమాధానం రాక రాకెట్టు అటకెక్కించి ఉంటే ఆ ఐదు మ్యాచిలు ఎవరు ఆడేవారు?

కమిటీ పెద్దలకు నా అభ్యర్థన చిన్నది. అంతర్జాతీయ పోటీలలోగాని, అంతర విశ్వవిద్యాలయ పోటీలలోగాని పేరు నమోదైన విద్యార్థినికి ఆ వారాల హాజరు ఇవ్వండి. అంతర్గత పరీక్ష తప్పిపోతే మరొక తేదీన వ్రాయనివ్వండి. ఆ పేపరు తయారుచేసే పని, దిద్దే పని నా శాఖకు సంబంధించినంతవరకు నేను చేస్తాను. ర్యాంకు ఎంత, టైటిళ్ళు ఎన్ని అని అడగకండి. పేరు నమోదైన కాగితం చూపితే చాలును.

మరొక చిక్కు ఉన్నది. సోమవారం మొదలయ్యే పోటీకి పద్దెనిమిది రోజుల ముందటి గురువారంతో పేర్ల నమోదు ముగిసిపోతుంది. మన కమిటీ నెలకొకమారు సమావేశమవుతుంది. ఈ రెండు క్యాలెండర్లు కలిసివచ్చే వారాలు ఏడాదిలో ఎన్ని ఉన్నాయో ఆ అమ్మాయి తండ్రి తన నోటుపుస్తకం చివరి పేజీలో లెక్కకట్టి నాకు చూపించారు. చాలా తక్కువ. కనుక ఈ అనుమతులిచ్చే అధికారాన్ని ప్రిన్సిపాలుగారికే అప్పగిస్తూ వచ్చే సమావేశంలో ఒక్క తీర్మానం చేయవలసిందిగా కోరుతున్నాను. పాత దరఖాస్తు ఇంకా ఫైలులోనే ఉన్నది; తేదీలు మార్చుకొంటే సరిపోతుంది.